నీటి మొన వెంట

పరాంకుశం మాస్టారిని ఎవరైనా ప్రశ్న అడిగితే ఆయన ముందు చెప్పులు వెతుక్కుంటారు. కూర్చోబెట్టి చెప్పిన జవాబు గుమ్మం దాటదని ఆయన నమ్మకం.

ఆ ఉదయం అడిగినవాడు ఆయన పాత శిష్యుడు ఫణీంద్ర. మందులు ఇంటికి చేర్చే యాప్ ఒకటి కనిపెట్టి, కంపెనీని పెంచి అమ్మేసి, సొంత ప్రాంతానికొచ్చి ఎమ్మెల్యేగా గెలిచాడు. గెలిచిన నెలలోనే నియోజకవర్గానికీ ఒక యాప్ చేయించాడు. ఫిర్యాదు వస్తే ఎర్ర చుక్క, తీరితే పచ్చ చుక్క.

"నూటికి తొంభై నాలుగు పచ్చగా ఉన్నాయి మాస్టారూ. అయినా తెల్లారేసరికి మా గేటు ముందు జనం. ఫోనులో చెప్పేదానికి అంత దూరం రావడమెందుకు?"

మాస్టారు చెప్పులేసుకుని కారెక్కి, కాలువకు నీళ్ళు వదిలే లాకు దగ్గరికి పోనిమ్మన్నారు.

అక్కడ తలకాయలు పగలడమొక్కటే తక్కువ. పై ఊరివాళ్ళు కర్రలతో ఒక గట్టున, చివరి ఊరివాళ్ళు గునపాలతో రెండో గట్టున. మధ్యలో కాలువ కాపలా చూసే లస్కరు యేసోబు తాళంచెవి గుప్పిట పట్టుకుని లాకు తలుపుకు అడ్డంగా నిలబడ్డాడు. చివరి ఊళ్ళో వరి పొట్టమీదుంది. ఇవాళ నీరందకపోతే ఊరంతటికీ తాలే మిగులుతుంది. లాకు దగ్గర పెట్టిన నీటి మీటరు లెక్కన వాళ్ళ వంతు నిన్నటితో సరి, ఈ నీళ్ళు మావంటున్నారు పై ఊరివాళ్ళు.

ఫణీంద్ర అలవాటు కొద్దీ ఫోను తీశాడు. చివరి ఊరి ఫిర్యాదు మూడుసార్లు వచ్చి, మూడుసార్లూ పచ్చబడి, నాలుగోసారి ఎర్రగా ఉంది.

"మూడుసార్లూ నీళ్ళు వదిలారమ్మా, ఇదిగో ఫోటో" అన్నాడు చివరి ఊరివాళ్ళ ముందు నిలబడ్డ గురవమ్మతో.

"వదల్లేదన్నానా బాబూ? నీళ్ళతో ఎవరు నడిచారో అడుగు."

అతనికి అర్థం కాలేదు. యేసోబు తల వంచుకుని చెప్పాడు. ఆ కాలువ మీద తలుపు తీసినప్పుడు వంతు మొదలవదు. పారే నీటి మొనతోపాటు లస్కరు నడవాలి, దారిలో ఎవరూ తమ చేలోకి గొట్టం తెరవకుండా చూడాలి. చివరి చేను గట్టు తడిసినప్పుడే లెక్క మొదలు.

"ముగ్గురం ఉండేవాళ్ళం సార్. ఒకడు తలుపు దగ్గర, ఇద్దరు నీళ్ళతో. మీటరొచ్చాక వాళ్ళిద్దర్నీ వేరేచోటికి మార్చేశారు."

మార్పించింది ఫణీంద్రే. మీటరు పెట్టించినందుకు అతనికి శాలువా కూడా కప్పారు.

ఇంతలో ఒక గునపం తలుపు మీద పడింది. అవతలి గట్టు నుంచి కర్రలు కదిలాయి.

"తాళం తియ్యి యేసోబూ! నీళ్ళతో నేను నడుస్తా" అని అరిచాడు ఫణీంద్ర.

ఎమ్మెల్యే మీద కర్రెత్తడానికి పై ఊరివాళ్ళకు చేతులు రాలేదు. గురవమ్మ తనవాళ్ళను ఆపింది. "నడవనియ్యండి. మధ్యలో కారెక్కాడా, అప్పుడే పగలగొడదాం."

నాలుగు మైళ్ళు. ఎండిన కాలువలో నీటి మొన నత్తలా పాకింది. దారి పొడవునా గొట్టాల దగ్గర మనుషులు కాచుకుని ఉన్నారు, అతన్ని చూసి మట్టితో మూతులు మూశారు. వాళ్ళలో ఒకడు ఎన్నికల్లో అతని జెండా మోసినవాడే. మూడో మైలు దగ్గర నీరు సన్నబడి ఆగిపోయింది. ఫణీంద్ర వెనక్కి పరిగెత్తి, మోచేతుల దాకా బురదలో చేతులు ముంచి, ఎవరో మళ్ళీ తెరిచిన గొట్టాన్ని మూశాడు.

అప్పుడే జేబులో ఫోను మోగింది. లాకు దగ్గరి మీటరు లెక్కతో చివరి ఊరి ఫిర్యాదు పచ్చబడింది. నీళ్ళింకా మైలు దూరంలో ఉన్నాయి. ఫణీంద్ర పళ్ళు కొరుకుతూ ఒక బూతు తిట్టాడు. తిట్టింది తననేనని అతనికి తెలుసు.

మధ్యాహ్నం దాటాక చివరి గట్టు తడిసింది. గురవమ్మ వంగి ఆ మట్టిని వేళ్ళతో నొక్కి చూసుకుంది. "ఇప్పుడు మొదలైంది మా వంతు" అంది. దండం పెట్టలేదు.

కారులో ముందే చేరుకున్న మాస్టారి పక్కన ఫణీంద్ర కూలబడ్డాడు. కాళ్ళు బొబ్బలెక్కాయి.

"మా గేటు ముందు నిలబడేది ఈ ఊరివాళ్ళేనా మాస్టారూ?"

"వాళ్ళదీ ఇదే దారి నాయనా, తమ మాటను మధ్యలో ఎవరూ మళ్ళించకుండా దాని వెంట నడిచొస్తారు" అన్నారాయన. "కాకపోతే, ఇటునుంచి బయలుదేరతారు."