గుహ గోడ మీద కొండ

కోనలో బడి పెట్టిన నాటి నుంచి జంతువుల పిల్లలకు ఆటలు తగ్గాయి, మాటలు పెరిగాయి. కొంగ మాస్టారు తను ఒంటికాలి మీద నిలబడి పాఠం చెబుతూ, పిల్లల్ని మాత్రం నాలుగు కాళ్లూ ముడుచుకుని కుదురుగా కూర్చోమనేవారు. ఆ ఏడు ఆయనకొక ముచ్చట పుట్టింది.

"నేను చెప్పింది నాకే అప్పజెబితే నాకేం లాభం? మీ కళ్లతో మీరు కనిపెట్టింది నలుగురికీ చూపించండి" అని సైన్స్ ఫెయిర్ పెట్టారు. న్యాయం చెప్పడానికి పక్క కోన నుంచి ఎలుగుబంటి పెద్దాయన్ని పిలిపించారు. గెలిచినవాళ్లకు బుట్టెడు ఈతపళ్లు.

ఇంకేముంది, కోనంతా ఒకటే గోల. కోతిపిల్లలు వెదురు గొట్టంతో వాగు నీళ్లు గట్టెక్కించబోయి తామే నిలువునా తడిశాయి. నెమలి తన తోకే తన ప్రాజెక్టు అంది. "అది నువ్వు చేసింది కాదు కదా తల్లీ" అన్నారు మాస్టారు.

అందరిలోకీ ఎక్కువ కంగారు పడుతున్నది మిణుకు అనే గబ్బిలం పిల్ల. ఎండ తగిలితే కళ్లు మండే జాతి వాళ్లది. తెల్లవారకముందు చెప్పే మొదటి పాఠం విని, పొద్దు పొడిచేలోగా గుహకు చేరేది. ఆ మాత్రం చదువు కూడా వాళ్లమ్మకు ఇష్టం లేదు.

"పగటి లోకం సంగతి మనకెందుకే? అక్కడ మంట తప్ప ఏముంది?" అనేదావిడ. "నేనెప్పుడైనా చూశానా? చూడనందుకు నాకేం తక్కువైంది?"

"చూడకుండానే ఏమీ లేదంటే ఎలాగమ్మా?"

"సరే, నీ ప్రాజెక్టేదో మన గుహలోనే పెడుతున్నావుగా. నేనూ చూస్తా. చూడదగ్గది ఏమీ లేకపోతే మాత్రం రేపటి నుంచి బడి మానెయ్యాలి. ఏమంటావ్?"

మిణుకు సరేనంది. సరేనన్న దగ్గర్నుంచీ దానికి కంటి మీద కునుకు లేదు.

దాని జతగాడు సూదిబాబు అనే ముళ్లపంది పిల్లాడు. ఇద్దరూ కలిసి మోదుగాకులు దగ్గర దగ్గరగా కుట్టి, పెద్ద తెర చేసి, గుహ మూతికి కట్టారు. సందుల్లో బంకమట్టి మెత్తారు. లోపల కన్ను పొడుచుకున్నా కానరాని చీకటి అయ్యాక, సూదిబాబు తన వీపు మీది ముల్లొకటి పీకి తెర నడుమ సన్నని చిల్లు పొడిచాడు. చిల్లు నుంచి వచ్చిన వెలుగు వెనక గోడ మీద పడగానే ఇద్దరూ గోడ దగ్గరికి పరుగెత్తారు. అక్కడేం కనిపించిందో ఎవరికీ చెప్పకూడదని ఒట్టు పెట్టుకున్నారు.

ఒట్టు పెట్టుకున్నారు గానీ, తెర బయట చెవి రిక్కించుకుని ఒకడున్నాడని వాళ్లకు తెలియదు. వాడే దర్జారావు, నక్క. ఏడాది పొడుగునా మీసాలు దువ్వుకోవడమే తప్ప వాడు వేరే పని చేసిన పాపాన పోలేదు. ఫెయిర్ రోజు వచ్చింది, వాడి చేతిలో ప్రాజెక్టు లేదు.

ఎదుటి కొండ మీద ఎండ బాగా కాసే వేళకు వాడు గుహ ముందు కాపలా ఉన్న సూదిబాబు దగ్గరికి పరుగెత్తుకొచ్చాడు.

"ఒరేయ్, మాస్టారు నిన్ను వాగు దగ్గరికి రమ్మంటున్నారు. వెంటనే రావాలట!"

"ఇప్పుడా? పెద్దాయన వచ్చే వేళైందిగా!"

"అందుకేరా తొందర. నువ్వెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటాలే."

పాపం, ముళ్లపందికి ఒంటి నిండా ముళ్లే గానీ మనసులో ఒక్కటీ లేదు. పరుగెత్తాడు. దర్జారావు తెర ముందు నిలబడి చిల్లు చూసి పెదవి విరిచాడు. "ఇంత పిసరు చిల్లుతోనే అంత సంబరపడ్డారంటే, గుప్పెడంత చేస్తే ఇంకెంత బాగుంటుంది! వీళ్లకు బొత్తిగా బుర్ర లేదు" అనుకుని, పంజా దూర్చి గుండ్రంగా తిప్పాడు. నిద్ర చాలని మిణుకు లోపల అప్పుడే జోగుతోంది గనక ఇదేదీ చూడలేదు. తర్వాత దర్జాగా వెళ్లి ఎలుగుబంటిని, మాస్టారిని, వెనక వచ్చే పిల్లల్ని వెంటబెట్టుకొచ్చాడు.

"దయచేయండి పెద్దయ్యా! ఇది నా ప్రాజెక్టు."

లోపలి నుంచి మిణుకు కెవ్వుమంది. "అబద్ధం! అది నాది, సూదిబాబుది!"

"గుహ వాళ్లదండీ, కాదనను" అన్నాడు దర్జారావు ఎంతో మర్యాదగా. "ఇల్లు ఇచ్చారు కాబట్టి అంతా తమదే అనుకుంటోంది. చిన్నపిల్ల కదా."

ఎలుగుబంటి గడ్డం గోక్కున్నాడు. "ఎవరిదైతేనేం, ముందు చూద్దాం పదండి."

అందరూ తెర పక్క నుంచి దూరి లోపల సర్దుకున్నారు. చూస్తే ఏముంది? వెనక గోడ మీద తెల్లటి వెలుగు మరక. అంతే. గుహ కప్పుకు వేలాడుతున్న తల్లి గబ్బిలం రెక్కల్లో ముఖం దాచుకుని మూలిగింది. "అమ్మో, కళ్లు! ఇదేనటే నువ్వు చూపిస్తానన్నది? చెప్పానా మంట తప్ప ఏమీ లేదని? చాలు, చదివింది చాలు!"

మిణుకు గోడకేసి చూసింది. దాని చదువు ఆ తెల్లమరకలో కలిసిపోతోంది.

ఎలుగుబంటి నక్కవైపు తిరిగాడు. "ఏం నాయనా, ఏదీ నీ ప్రాజెక్టు?"

దర్జారావు మీసం దువ్వుకున్నాడు. "నాదా? భలేవారండీ! ఇది ఆ పిల్లదే. నేనేదో దారి చూపిద్దామని వచ్చాను."

"ఇందాక నీదన్నావు?"

"మర్యాదకన్నానండి."

అంతలో సూదిబాబు రొప్పుతూ వచ్చిపడ్డాడు. వాగు దగ్గర మాస్టారు లేరు, ఎవరూ లేరు. చిల్లు చూడగానే వాడికి సంగతంతా అర్థమైంది. వాదించలేదు, ఏడవలేదు. మోదుగాకొకటి తెచ్చి, బంకమట్టితో చిల్లుకు అతికించి, ఇంకో ముల్లు పీకి మెల్లగా పొడిచాడు.

"అయ్యా, కాసేపు ఓపిక పట్టండి. కళ్లు చీకటికి అలవాటు పడాలి."

ముందు గోడ మీద పొగలాంటిదేదో కదిలింది. తర్వాత అందులోంచి రంగులు తేలాయి. ఆ తర్వాత ఎదుటి కొండ, కొండంత కొండ, చెట్లతో, బండలతో, మీద పాకే మబ్బు నీడలతో సహా గోడ మీద నిలిచింది. తలకిందులుగా! జలపాతం కింది నుంచి పైకి పోతోంది. కొంగలబారు నేల బారున ఎగురుతోంది. గాలి వీస్తే గోడ మీది చెట్లు ఊగుతున్నాయి, చప్పుడు లేకుండా.

ఎంత అల్లరి కోతిపిల్లకైనా ఆ క్షణాన కదలాలనిపించలేదు. రోజూ చూసే కొండే అది, రోజూ తాగే నీళ్లే అవి. అయినా అప్పుడే పుట్టిన లోకాన్ని చూస్తున్నట్టు ఒళ్లు జలదరించింది అందరికీ. ఎలుగుబంటి పెద్దాయన కొండను సరిగ్గా చూడాలని తల వంచి, ఇంకా వంచి, బోర్లా పడి, పడ్డచోటే ఉండి చూశాడు.

"ఇంత కొండ ఇంత చిల్లులోంచి ఎలా వచ్చిందే?" అన్నాడు, గొంతు తగ్గించి.

"వెలుగు తిన్నగా నడుస్తుందండీ" అంది మిణుకు. "కొండ కొసన బయల్దేరింది చిల్లులో దూరి కిందికి పోతుంది, కొండ అడుగున బయల్దేరింది పైకి పోతుంది. అందుకే తిరగబడింది. చిల్లు పెద్దదైతే అన్నీ ఒకేసారి దూరి ఒకదాని మీద ఒకటి పడతాయి. అప్పుడిక ఏదీ కనపడదు."

తల్లి గబ్బిలం మెల్లగా రెక్కలు తెరిచింది. ఆ మసక వెలుగుకు కళ్లు మండలేదు. పైగా తలకిందులుగా వేలాడే ఆవిడకు కొండ నిటారుగా, ఉన్నదున్నట్టు కనిపించింది.

"మిణుకూ, కొండ మీద ఆ రంగేమిటే?"

"చెట్లమ్మా. ఆకులు."

"ఆకులు నల్లగా కదే ఉంటాయి?"

"రాత్రి మాత్రమేనమ్మా. ఆ రంగును పచ్చ అంటారు."

"పచ్చ" అంది తల్లి. ఇంకోసారి అంది. పుట్టిన దగ్గర్నుంచీ ఆ చెట్ల మధ్యే ఎగిరింది ఆవిడ. ఆమె కళ్లు చెమర్చాయి.

అప్పుడే గోడ మీది బొమ్మలోకి ఒక నక్క నడిచొచ్చింది, కాళ్లు పైకీ వీపు కిందికీ పెట్టుకుని. అందరూ చీకట్లో మైమరిచి ఉండగా దర్జారావు చల్లగా జారుకున్నాడన్నమాట. గుహ ముందు బండ మీద బహుమతి బుట్ట ఉంది. వాడు అటు చూశాడు, ఇటు చూశాడు, ఎవరూ లేరనుకుని బుట్టలో మూతి పెట్టాడు.

గుహంతా గొల్లుమంది. ఆ నవ్వుకు గోడ మీది నక్క ఎగిరిపడింది, మూతికి ఈతపండు గుజ్జుతో బిత్తరచూపులు చూసింది, బుట్టను తన్నుకుని దొర్లుకుంటూ పరుగెత్తి బొమ్మలోంచి మాయమైంది. గబ్బిలాలకైతే ఆ వైభవం మరీ తిన్నగా కనిపించింది. తల్లి గబ్బిలం కూడా నవ్వింది, పగటిపూట, బతుకులో మొదటిసారి.

"బహుమతి ఎవరిదో ఇంక వేరే చెప్పాలా?" అన్నాడు ఎలుగుబంటి, నేల మీద నుంచి లేవకుండానే. "మిగిలిన పళ్లు ఏరుకొచ్చి ఈ ఇద్దరికీ ఇవ్వండి."

తల్లి గొంతు సవరించుకుంది. "మాస్టారూ, మా పిల్ల బయటికి రాలేదు గానీ మీరు లోపలికి రాగలరు కదా? రేపటి నుంచి ఎండ వేళ పాఠాలు ఇక్కడే చెప్పండి. నేనూ ఒక మూలన వేలాడి వింటాను."

ఒకరు చేసిన పనిని ఎత్తుకుపోవచ్చు గానీ, దాన్ని చేసిన బుర్రను ఎత్తుకుపోలేం.