సత్యవేణి మానేసిన రెండో మాత్ర

ఆత్రేయపురంలో పూతరేకులు తీసే సత్యవేణికి ఎవరేం చెప్పినా సగం విని లేచిపోయే అలవాటు ఉండేది. మిగతా సగం తనకు తెలుసని ఆమె ధీమా. బోర్లించిన కుండ మీద పిండినీళ్ల గుడ్డను ఒక్క విసురున లాగి, ఊదితే ఎగిరిపోయేంత పల్చని రేకును లేపేది. ఆ చేతికి ఊరంతా దండం పెట్టేది కాబట్టి ఆ ధీమాకు అడ్డు చెప్పినవాళ్లు లేరు.

యాభయ్యో ఏట ఆమెకు ముట్లు ఆగిపోయాయి. ఏడాది గడిచాక ఒంట్లో ఉన్నట్టుండి ఆవిర్లు పుట్టడం మొదలైంది. ముఖం కందిపోయేది, జాకెట్టు తడిసి ముద్దయ్యేది. పొయ్యి ముందు కూర్చోవడమే గండమైపోయింది.

పట్నంలో డాక్టర్ అరుంధతి రక్తపోటు చూసింది, రొమ్ము పరీక్ష చేయించింది, ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా, తనకెప్పుడైనా కాళ్లలో రక్తం గడ్డకట్టిందా అని అడిగింది. ఆ తర్వాతే రెండు మాత్రలు రాసింది.

"పొద్దున వేసుకునేది ఈస్ట్రోజెన్. ఆవిర్లు తగ్గిస్తుంది. పడుకునే ముందు ప్రొజెస్టెరోన్. గర్భసంచి ఉన్నవాళ్లు ఇది ఎందుకు మానకూడదంటే..."

"అర్థమైందండీ" అని సత్యవేణి అప్పటికే సంచీ చంకన పెట్టుకుంది.

నెల తిరిగేసరికి ఆవిర్లు తగ్గాయి. అంత చిన్న మాత్ర అంత మంటను ఎలా ఆర్పిందా అని ఆమె అబ్బురపడింది. రెండోది మాత్రం మత్తుగా ఉండేది. పొద్దున్నే చెయ్యి తేలిపోయి రేకులు చిరిగేవి. దాంతో రెండోది మానేసింది. మూడు నెలలకు రమ్మంటే వెళ్లలేదు. పాత చీటీతోనే మొదటి మాత్ర తెప్పించుకునేది.

"డాక్టరుగారిని ఓసారి అడగక్కా" అంది తోడికోడలు రమణమ్మ.

"నా ఒళ్లు నాకు తెలీదా ఏంటే?" అంది సత్యవేణి.

ఎనిమిది నెలలకు చీరకు రక్తం అంటింది. అది చూసి రమణమ్మ మర్నాడే ఆమెను పట్నం లాక్కుపోయింది.

డాక్టరు స్కానింగ్ తెర చూపించింది. "ఇది మీ గర్భసంచి లోపలి పొర. మీ ఇద్దరు పిల్లలూ మొట్టమొదట అంటుకున్నది ఇలాంటి పొరకే. ఈస్ట్రోజెన్ ఒక్కటే వాడితే ఇది పెరుగుతూ పోతుంది. రెండో మాత్ర దాన్ని పల్చగా ఉంచుతుంది. మీరు దాన్నే మానేశారు. ఇలాగే వదిలేస్తే క్యాన్సర్‌కు దారి తీయొచ్చు. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపాలి."

పల్చని పొరలతోనే బతికిన మనిషి సత్యవేణి. తన రేకుకన్నా సున్నితమైనది తన కడుపులోనే ఉందని, దాన్ని కాచేది తాను మానేసిన మాత్రేనని తెలిసి ఒళ్లు గగుర్పొడిచింది. భయం కూడా వేసింది. ఫలితం వచ్చేదాకా పది రోజులు అన్నం సయించలేదు.

క్యాన్సర్ లేదన్నారు. పొర మందమైంది కానీ మందులతో తగ్గుతుందన్నారు. డాక్టరు ఈస్ట్రోజెన్ ఆపించి, పొర తగ్గడానికి మందు రాసి, మళ్లీ పరీక్షకు తేదీ ఇచ్చింది.

"అది వేసుకుంటే మత్తుగా ఉండేదండీ, అందుకే మానేశాను" అంది సత్యవేణి తలొంచుకుని.

"ఆ ముక్క అప్పుడే చెబితే మందు మార్చేదాన్ని కదమ్మా" అంది డాక్టరు.

ఆ రోజు సత్యవేణి కుర్చీలోంచి కదల్లేదు. డాక్టరు చెప్పడం పూర్తయ్యాక, మొత్తం తన నోటితో తిరిగి అప్పజెప్పింది.

నీతి: మేలు చేసే మందైనా సగమే వాడితే కీడు చేస్తుంది. డాక్టరు మాట చివరిదాకా వినాలి, ఇబ్బంది ఉంటే చెప్పాలి, మనంతట మనం మానకూడదు.