పదహారు వేల అడుగుల దస్తూరి

సుధీంద్రకి ఒకటే బెంగ. కొండల మీదకి వెళ్ళాక టాబ్లెట్ ఆగిపోతే ఎలా?

ఇద్దరు కూర్చునే చిన్న విమానం అది. దారి, ఎత్తు, ఎదురయ్యే శిఖరాలు అన్నీ ఒళ్ళో పెట్టుకునే ఆ టాబ్లెట్‌లోనే కనిపిస్తాయి. పైన గాలి పలచన, ఎండ తీక్షణం. వేడెక్కి అది ఆరిపోయిన సంగతులు చాలా విన్నాడు. ఇవాళ యోహాను మాస్టారు తన పైలట్ పుస్తకంలో సంతకం పెడితే, రేపటి నుంచి కొండల అవతలి ఊళ్ళకి ఒక్కడే మందులు తీసుకెళ్ళొచ్చు. ఆ సంతకం కోసం రెండేళ్ళు కాచుకున్నాడు.

"ఈ టాబ్లెట్ ఎంత ఎత్తు వరకు పనిచేస్తుంది మాస్టారూ?"

ప్రతి ఏడూ ఎవడో ఒకడు అడిగే ప్రశ్నే. ముప్పై ఏళ్ళుగా ఎగరడం నేర్పి నేర్పి మాస్టారికి మాటలు తగ్గిపోయాయి. ఎడమ కాలు ఈడ్చుకుంటూ వచ్చి విమానం ఎక్కి, ఒక పెన్సిలు, కాగితం అతని చేతిలో పెట్టారు.

"ఐదు నిమిషాలకోసారి ఎత్తెంతో, నువ్వెలా ఉన్నావో రాయి."

పన్నెండు వేల అడుగుల దగ్గర ఆయన ఆక్సిజన్ గొట్టం ముక్కుకి తగిలించుకుని, రెండోది శిష్యుడి వైపు జరిపారు.

"కాసేపాగి పెట్టుకుంటాను. నాకేం ఇబ్బందిగా లేదు మాస్టారూ."

మెతకవాడనుకుంటారని అతని భయం. మాస్టారు ఆ గొట్టాన్ని తన చేతికందేలా పెట్టుకున్నారు.

ప్రయాణం హాయిగా గడిచింది. టాబ్లెట్ ఒక్కసారి కూడా ఆరలేదు. కిందికి దిగగానే సుధీంద్ర ఆ మాటే సంతోషంగా చెప్పాడు.

"కాగితం చూసుకో," అన్నారు మాస్టారు.

పది వేల దగ్గర అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. పధ్నాలుగు వేల దగ్గర వంకరపోయాయి. పదహారు వేల దగ్గర 'అంతా బాగుంది' అని ఉంది. దాని మీదే మళ్ళీ 'అంతా బాగుంది'. దాని మీదే మరోసారి.

మాస్టారు టాబ్లెట్‌లో వాళ్ళు వచ్చిన దారి చూపించారు. ఒకచోట గీత ఉన్నట్టుండి ఎడమకి తిరిగింది.

"ఇక్కడ నేను తిప్పలేదే."

"నేను తిప్పాను. ఎదురుగా కొండ ఉందని ఇది ఎర్రగా చూపిస్తూనే ఉంది. గాలి చాలక నువ్వు దాన్ని చూస్తూనే బాగుందని రాస్తున్నావు. గొట్టం నీ ముక్కుకి పెట్టింది అప్పుడే."

అదేదీ సుధీంద్రకి గుర్తులేదు. సిగ్గేసింది. సంతకం మాట ఎత్తలేదు.

మాస్టారు పర్సులోంచి మడతల దగ్గర చిరిగిన పాత కాగితం ఒకటి తీసి చూపించారు. అవే మాటలు, ఒకదాని మీద ఒకటి. దస్తూరి మాస్టారిదే.

సుధీంద్ర తన కాగితం దాని పక్కన పెట్టి చూశాడు. "అప్పుడు మీ పక్కన ఎవరున్నారు మాస్టారూ?"

"ఎవరూ లేరు."

కాగితం జాగ్రత్తగా మడిచి పర్సులో పెట్టుకుని, ఎడమ కాలు ఈడ్చుకుంటూ ఆయన షెడ్డు వైపు నడిచారు.