మాచర్ల బస్సులో సీటు

చంద్రలేఖ రాసిన కోడ్‌ని సాయంత్రానికల్లా తీసేసి పాతదే పెట్టేస్తామని ఆఫీసులో తెగేసి చెప్పారు. అదే జరిగితే ఏడాది కష్టం గంగపాలు.

కంప్యూటర్లో ఎవరైనా ఒక ఫైల్ పేరు చెబితే అదెక్కడుందో వెతికిచ్చే కోడ్ అది. మహా వేగంగా పనిచేస్తుంది, కాదనలేం. వెతికేటప్పుడు ఎవరూ ముట్టుకోకుండా తాళం వేస్తుంది. ఫైల్ కనబడగానే తాళం తీసేసి, ఆ తర్వాత దాన్ని ఇంకెవరూ చెరపకుండా పట్టుకుంటుంది. ఆ కాస్త సందులోనే ఇంకో ప్రోగ్రామ్ దూరి ఫైల్‌ని చెరిపేసిపోతోంది. లేనిదాన్ని పట్టుకోబోయి మిషన్ కాస్తా బొక్కబోర్లా పడుతోంది.

తనకీ విద్య నేర్పిన జలీల్ మాస్టారు మాచర్ల వెళ్తున్నారని తెలిసి, ల్యాప్‌టాప్ చంకన పెట్టుకుని గుంటూరు బస్టాండుకి పరుగెత్తింది చంద్రలేఖ.

"పట్టుకునేముందు ఇంకోసారి చూసుకునేలా రాశాను మాస్టారూ, పడటం తగ్గింది. మళ్ళీ ఓసారి చూసేలా రాశాను, ఇంకా తగ్గింది. ఇంకొక్కసారి చూస్తే చాలు, పూర్తిగా ఆగిపోతుంది. అంతే కదా?"

అడగటానికి కాదు, ఔననిపించుకోవడానికి వచ్చింది పిల్ల. మాస్టారు ఔననలేదు.

"నా మోకాళ్ళు బాగోలేవమ్మాయ్. ముందు నాకో సీటు సంపాదించిపెట్టు," అన్నారు.

ఇదెంత పని అనుకుంది. బస్సు రాగానే జనం మీదపడ్డారు. చంద్రలేఖ కిటికీలోంచి తొంగిచూసింది. ఖాళీ! గబగబా ద్వారం దాకా వెళ్ళి, తోసుకుంటూ ఎక్కేసరికి, చంటిపిల్లను ఒళ్ళో వేసుకుని ఒకావిడ అక్కడ కూర్చుని ఉంది.

రెండో బస్సుకి జాగ్రత్తపడింది. కిటికీలోంచి చూసింది. మెట్టెక్కి మళ్ళీ చూసింది, ఇంకా ఖాళీయే. అమ్మయ్య అనుకునేలోపు కాలేజీ కుర్రాడొకడు పక్కనుంచి దూరి ధభీమని కూలబడ్డాడు.

ఉడుక్కుంటూ దిగొచ్చింది. "ఇప్పుడే చూశాను మాస్టారూ! మెట్టు మీదనుంచి కూడా చూశాను!"

"చూసినప్పుడు ఖాళీయే. ఎవరు కాదన్నారు?" అన్నారు మాస్టారు.

తర్వాతి బస్సు ఇంకా ఆగనేలేదు. మాస్టారు జేబులోంచి గళ్ళ రుమాలు తీశారు. కిటికీలోంచి సీటు కనబడిందో లేదో, రుమాలు వెళ్ళి అందులో పడింది. ఆ తర్వాత ఆయనకు తొందరేమీ లేదు. నెట్టుకునేవాళ్ళందరినీ నెట్టుకోనిచ్చి, తాపీగా ఎక్కారు. ఆయన సంచి పట్టుకుని చంద్రలేఖ వెనకే ఎక్కింది.

సీటు పక్కన ఎత్తుగా, బలంగా ఉన్న మనిషొకడు భుజాన బస్తాతో నిలబడి ఉన్నాడు. చెమటలు కక్కుతున్నాడు. రుమాలు వంక చూస్తున్నాడే గానీ కూర్చోవడంలేదు. మాస్టారిని చూసి "మీదేనా పెద్దాయనా?" అని పక్కకి జరిగాడు.

మాస్టారు కూర్చుని రుమాలు మడత పెట్టుకున్నారు. "చూడగానే, ఆ చేత్తోనే వేసెయ్యాలమ్మాయ్," అన్నారు.

చంద్రలేఖ సంచి ఆయన చేతికిచ్చి, దణ్ణం పెట్టి దిగిపోయింది.

బస్టాండులోనే ఒక బల్ల మీద కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. మళ్ళీ మళ్ళీ చూసుకోమని రాసిన వరసలన్నీ జాలి లేకుండా కొట్టేసింది. తాళం తీశాక ఫైల్‌ని పట్టుకునే వరసని, తాళం తీయకముందుకి జరిపింది. అంతే.

ఇంతలో ఆఫీసు నుంచి ఫోన్. "ఏం చేద్దామమ్మా, పాతదే పెట్టేద్దామా?"

"వద్దండీ. కొత్తది పంపిస్తున్నా. ఎన్ని ప్రోగ్రాముల్ని ఒకేసారి దాని మీదకి వదుల్తారో వదలండి."

"ఒకటికి రెండుసార్లు చూసుకునేలా రాశావా మరి?"

చంద్రలేఖకు నవ్వాగలేదు.

"ఆ చూడటాలన్నీ తీసేశానండీ. ఇంక పడదు," అంది.