గోక్కుంటే రాజద్రోహం

ఒకానొక రాజ్యాన్ని, దాని పేరుతో మనకిప్పుడు పనిలేదు, రణభైరవ భూపతి అనే రాజు ఏలుతూ ఉండేవాడు. పేరులో ఉన్న రణం తప్ప ఆయన మరే రణమూ చూసి ఎరగడు. తాతగారు గెలిచిపెట్టిన కోటలో కూర్చుని, తనను ఎవరో కూలదోయబోతున్నారని పొద్దస్తమానం అనుమానపడడమే ఆయన వెలగబెట్టే రాజకార్యం.

పాయసంలో జీడిపప్పు తగ్గితే వంటవాడు శత్రువులతో చేతులు కలిపాడనేవాడు. ఎక్కువ పడితే, ఏదో దాచడానికే ఇంత మర్యాద చేస్తున్నాడనేవాడు. ఎవరైనా నవ్వుతూ ఎదురుపడితే ఎందుకు నవ్వుతున్నాడని, నవ్వకపోతే ఎందుకు నవ్వడం లేదని వెనకాల వేగులవాణ్ణి పంపేవాడు.

అంతటి రాజుగారు ఈ లోకంలో అనుమానించని ప్రాణి ఒక్కటే ఉండేది. అది ఆయన పిల్లి.

పట్టాభిషేకం నాడు ఎక్కణ్ణుంచో ఒక తెల్లపిల్లి వచ్చి సింహాసనం మీద ముడుచుకుని పడుకుంది. భటులు దాన్ని తోలబోతుంటే మహామంత్రి ప్రోలనామాత్యుడు రెండు చేతులూ చాపి అడ్డం నిలబడ్డాడు.

"ఆగండి! సాక్షాత్తూ రాజ్యలక్ష్మి మార్జాలరూపంలో వేంచేసింది!" అన్నాడు.

ఆ మాటతో పిల్లి పదవీ స్థిరపడింది, మంత్రి పదవీ స్థిరపడింది. రాజ్యలక్ష్మికి వెండి గిన్నెలో పాలు, పట్టు తలగడ, రాజుగారి పాన్పు మీద సగం చోటు. రాజుగారు తప్ప మరొకరు దాన్ని తాకకూడదు. రాజ్యలక్ష్మికి దగ్గు వచ్చినట్టుందని నోరుజారిన భటుడొకడు అప్పటినుంచి ఉప్పు కొఠారులో మూటలు మోస్తున్నాడు.

ఇలా ఉండగా ఒక వేసవిలో రాజుగారికి దురద పట్టుకుంది.

చీలమండల దగ్గర మొదలై నడుం దాకా ఎర్రటి దద్దుర్లు. వైద్యులు చందనం పూశారు, పసుపు పూశారు, వేపాకు రుబ్బి పూశారు. రాజుగారు రంగురంగులుగా తయారయ్యారు గానీ దురద తగ్గలేదు. అప్పుడు మంత్రి చెవి దగ్గర చేరాడు.

"ప్రభూ, ఇది దురద కాదు, కుట్ర. తమ పాన్పు మీద ఎవరో దూలగొండి నూగు చల్లుతున్నారు. చల్లినవాడి చేతికి కూడా కాస్తో కూస్తో అంటకుండా పోదు. కాబట్టి కోటలో ఎవడు గోక్కుంటే వాడే ద్రోహి."

రాజుగారికి ఈ మాట చందనం కంటే చల్లగా తగిలింది. ఆ సాయంత్రమే డప్పు వేయించారు. కోటలో గోక్కోవడం రాజద్రోహం.

ఆనాటి నుంచి కొలువు చూడాలి! ఒక్కరూ కదిలేవారు కారు. స్తంభం పక్కన నిలబడినవాళ్లు దానికి వీపు ఆనించి, ఎవరూ చూడనప్పుడు కాస్త పైకీ కాస్త కిందికీ జరిగేవారు. మిగిలినవాళ్లు పళ్లు బిగబట్టి, కళ్ల నీళ్లు పెట్టుకుని, ఎదుటివాడి చేతులవంకే చూస్తూ నిలబడేవారు. రాణిగారు మాత్రం ఎవరితోనూ చెప్పకుండా మంచం తూర్పు మహలుకు మార్పించుకున్నారు. దాంతో రాజుగారు మామగారి మీద కూడా అనుమానపడడం మొదలుపెట్టారు.

అసలు సంగతి కోటలో అందరికీ తెలుసు. అవి గోమార్లు. నువ్వుగింజంత కూడా ఉండని నల్లపురుగులు, పట్టుకోబోతే మూరెడు ఎత్తు ఎగిరి మాయమవుతాయి. పిల్లి ఒంటిమీద చేరి నెత్తురు తాగుతాయి. వాటి గుడ్లు మాత్రం అది పడుకున్న చోటల్లా, తిరిగిన చోటల్లా రాలతాయి. రాజ్యలక్ష్మి తిరగని తివాచీ ఆ కోటలో లేదు. కానీ రాజ్యలక్ష్మికి పురుగులు పట్టాయని ఎవరనాలి? మంత్రికి కూడా తెలిసే ఉంటుందని నా అనుమానం. పిల్లి పదవి పోతే తన పదవి ఏమవుతుందోనని నోరు మూసుకుని ఉంటాడు.

చివరికి పట్టుబడింది ఎవరయ్యా అంటే, పైడమ్మ. రాజుగారి పాన్పు పరిచే ముసలావిడ. రాజుగారిని పసిబిడ్డగా ఎత్తుకు తిరిగిన మనిషి. రోజూ ఆ దుప్పట్లు దులిపి దులిపి ఆమె చేతులు మోచేతుల దాకా దద్దుర్లు తేలాయి. ఒకనాడు తట్టుకోలేక గుమ్మం పక్కన నిలబడి గోక్కుంది. భటులు చూశారు.

"రేపు కొలువులో విచారణ," అన్నారు రాజుగారు. "ఒప్పుకుంటే పొలిమేర దాటిస్తాం. ఒప్పుకోకపోతే, చల్లిన ఆ చేతులు రెండూ తీయించి మరీ దాటిస్తాం."

రాజుగారి ఆస్థానంలో సూరప్ప అని ఒకడుండేవాడు. ప్రభువులకు విసుగు పుట్టినప్పుడు నవ్వించడం అతని కొలువు. ఈ మధ్య నవ్వితే ఒళ్లు కదులుతుందని, కదిలితే గోక్కున్నట్టు కనిపిస్తుందని ఎవరూ నవ్వడం లేదు కనుక అతనికి పని లేకుండా పోయింది. పైడమ్మ సంగతి వినగానే అతని ప్రాణం ఉసూరుమంది. దీపాలు పెట్టే వేళకు చెరసాలకు వెళ్లాడు.

"ఒప్పుకోమ్మా, చేతులైనా దక్కుతాయి," అన్నాడు.

"సెయ్యని పని సేసినానని ఎలా ఒప్పుకోను, సూరప్ప బాబూ?" అంది పైడమ్మ. "అవి గోమార్లని నాకు తెల్దా? సెప్తే రాజ్యలచ్చిని ఆడిపోసుకున్నానని నాలిక కోసేత్తారు. సెప్పకపోతే సేతులు నరికేత్తారు. నాలికో, సేతులో, ఏటి ఒగ్గుకోమంటావు?"

సూరప్ప దగ్గరికి జరిగాడు. "రెండూ ఉంచుకుందువుగాని. రేపు నువ్వు నోరెత్తకు," అన్నాడు. తర్వాత అటూ ఇటూ చూసి, "ఇక్కడెవరూ లేరు, కాస్త గోక్కో," అన్నాడు.

పైడమ్మ ఏడుస్తూనే గోక్కుంది. సూరప్ప కూడా మరోసారి వెనక్కి చూసుకుని, మెడ గోక్కున్నాడు.

మర్నాడు కొలువు నిండింది. పైడమ్మను చేతులు కట్టి తెచ్చి నిలబెట్టారు. రాజుగారి ఒడిలో రాజ్యలక్ష్మి కళ్లు మూసుకుని పడుకుని ఉంది. రాజుగారు నోరు తెరవబోతుండగా సూరప్ప ముందుకొచ్చి మోకరిల్లాడు.

"ప్రభూ, అనుమతిస్తే అసలు ద్రోహిని పట్టి ఇస్తాను."

రాజుగారి కనుబొమలు ముడిపడ్డాయి. "నీకెలా తెలుసు? నువ్వూ వాళ్లలో ఒకడివా?"

"నన్ను కూడా పరీక్షించండి, అదే నేను కోరేది. తమ ఒంటి మీద ప్రతి దద్దురు నడుమా నెత్తురు చుక్క ఉంది. అంటే ద్రోహి తమ నెత్తురు తీస్తున్నాడు. ఆ జాడ వాడి దగ్గర ఉండి తీరాలి. తమ శయనాగారంలో అడుగుపెట్టే అందరినీ పేలదువ్వెనతో దువ్వించండి. రాలినదాన్ని తడి తెల్లగుడ్డ మీద వేయించండి. దుమ్మయితే దుమ్ములాగే ఉంటుంది. తమ నెత్తురైతే ఎర్రగా విచ్చుకుంటుంది."

అందరినీ ఒకేసారి అనుమానించే ఉపాయం దొరికేసరికి రాజుగారి ముఖం వికసించింది. మంత్రి మాత్రం గొణిగాడు. "మావంటి పెద్దలను కూడా దువ్వడమంటే..."

"మంత్రిగారికి అభ్యంతరమెందుకో మరి," అన్నాడు సూరప్ప మెల్లగా.

రాజుగారు చటుక్కున మంత్రి వైపు తిరిగి కళ్లు చిట్లించారు. "ఎంతటివారైనా సరే! మినహాయింపు లేదు," అన్నారు. మంత్రి తలపాగా తీసి తల వంచాడు.

దువ్వడం మొదలైంది. సూరప్ప తలలోంచి దుమ్ము రాలింది. వైద్యుల తలల్లోంచి చందనప్పొడి రాలింది. మంత్రి తలలోంచి రాలిన చుండ్రుతో గుడ్డ కనపడకుండా పోయింది. సభలో అందరూ నవ్వు మింగి చచ్చారు. పైడమ్మ తలలోంచి రెండు తెల్లవెంట్రుకలు తప్ప ఏమీ రాలేదు. ఎక్కడా ఎరుపు లేదు.

రాజుగారు సూరప్ప వంక అనుమానంగా చూశారు. "ఏమయ్యా, ద్రోహి ఏడీ?"

"ఇంకొకరు మిగిలి ఉన్నారు ప్రభూ. వారి పేరెత్తే అర్హత నాకు లేదు."

"రాణిగారా?"

"రాణిగారు అటువైపు రావడం మానేశారు గదా ప్రభూ."

"మరింకెవరు? రోజూ నా గదిలోకి నాకు తెలియకుండా వస్తున్నదెవరు?" అని రాజుగారు గర్జించారు.

ఆ గర్జనకు రాజ్యలక్ష్మి మేలుకుంది. ఒళ్లు విరుచుకుంది. నిండుకొలువులో, రాజుగారి ఒళ్లో కూర్చుని, వెనకకాలు ఎత్తి చెవి వెనక టకటకా గోక్కుంది.

అందరి చూపులూ ఒక్కచోటే ఆగిపోయాయి. ఎక్కడ చూస్తున్నారా అని రాజుగారు కూడా కిందికి చూశారు. ఆయన ముఖం జేవురించింది.

"ఎవరు? ఎవరేమన్నారు?"

"ఎవరూ ఏమీ అనలేదు ప్రభూ," అన్నాడు సూరప్ప. "ఎంతటివారైనా సరేనని తామే సెలవిచ్చారు. మేమెవరమూ తాకకూడదు. దువ్వగలిగింది తామొక్కరే."

"తే ఆ దువ్వెన! గుడ్డ ఎర్రబడకపోతే నీ తల ఉండదు!"

సూరప్ప దువ్వెన అందించాడు. కుంకుడు నీళ్లు ఎరగని ఆ బొచ్చులో రాజుగారు మెడ నుంచి తోక దాకా ఒక్క దువ్వు దువ్వారు. పగిలిన ఆవగింజల్లాంటి నల్లటి నలుసులు తడిగుడ్డ మీద రాలాయి. ఒక్క క్షణం నల్లగానే ఉన్నాయి. తర్వాత ఒక్కొక్కటే తడిసి, చుట్టూ ఎర్రటి మరక పాకింది. గోమారు తాగిన నెత్తురంతా దాని రెట్టలోనే బయటపడుతుంది మరి.

రాజుగారు నోరు తెరిచి చూస్తుండగానే దువ్వెన పళ్ల సందులోంచి ఒక గోమారు ఎగిరి ఆయన ముంజేతి మీద వాలింది. అక్కణ్ణుంచి చేతిగుండా చంకలోకి దూరింది.

రాజుగారు బిగుసుకున్నారు. భుజం ఎగరేశారు. మెడ వంచారు. పెదవి కొరుక్కున్నారు. ఇక ఆయన వల్ల కాలేదు. కుడిచేత్తో ఎడమ చంక బరబరా గోక్కున్నారు.

"చెయ్యి దించండి ప్రభూ," అన్నాడు మంత్రి, నీరసంగా. "అందరూ చూస్తున్నారు. తమ శాసనం..."

"చూడనీ! అబ్బా, ఎంత హాయిగా ఉందయ్యా!" అని రాజుగారు కళ్లు మూసుకున్నారు. తర్వాత ఫక్కున నవ్వారు. ఎన్ని రోజులైందో ఆయన అలా నవ్వి. "ఏమిటలా చూస్తారు? గోక్కోండి, అందరూ గోక్కోండి!"

ఆ మాట కోసమే వేచి ఉన్నట్టు కొలువంతా ఒక్కసారి వీపులకూ మెడలకూ చేతులు పోనిచ్చింది. అందరికంటే ముందు గోక్కున్నది మంత్రి.

సందడి సద్దుమణిగాక రాజుగారు పిల్లిని దగ్గరకు తీసుకుని, గొంతు తగ్గించి అడిగారు. "అయితే రాజ్యలక్ష్మే నాకు ద్రోహం చేసిందంటావా?"

"ఎంత మాట ప్రభూ! ముట్టడిలో చిక్కింది ముందు రాజ్యలక్ష్మే. శత్రువులు ఆ తల్లి ఒంటి మీదే విడిది చేసి, తమ పాన్పు మీదికి దండెత్తి వచ్చారు. తమరేమో పక్క దులిపిన మనిషిని పట్టుకున్నారు."

రాజుగారు పైడమ్మ చేతుల వంక చూశారు. ఆ దద్దుర్లూ తన దద్దుర్లూ ఒక్కటేనని ఇప్పుడు కనిపించింది.

"నీకు ముందే తెలుసా, పైడమ్మా?"

"తెలుసు బాబూ."

"మరి నాతో చెప్పలేదేం?"

"తమరు అనుమానించినారు గానీ, అడగనేదు బాబూ."

రాజుగారు సిగ్గుపడ్డారు. లేచి వెళ్లి, పైడమ్మ చేతుల కట్లు స్వయంగా విప్పారు.

ఆ పూట నుంచే పైడమ్మ చెప్పినట్టల్లా కోట నడిచింది. దుప్పట్లు మరిగే నీళ్లలో ఉడికాయి. పరుపులు మిట్టమధ్యాహ్నపు ఎండకెక్కాయి. తివాచీలకు కర్రదెబ్బలు పడ్డాయి. నేల సందులన్నీ ఊడ్చి, ఆ చెత్తను కాల్చేశారు. రాజ్యలక్ష్మికి గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించడం రాజుగారి వంతు అయింది. ఆయన జన్మలో తగిలిన మొదటి యుద్ధగాయాలు ఆనాడు మోచేతి మీద పడ్డ గోళ్ల గీతలే. ఆపైన రోజూ పొద్దున్నే దువ్వెన పట్టి దువ్వడం, దొరికినవాటిని వేడినీళ్ల గిన్నెలో ముంచడం.

దురద తగ్గింది. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కొన్నాళ్లకు మళ్లీ రాజుగారి చీలమండ మీద ఎర్రటి దద్దురు లేచింది.

"ప్రభూ, కుట్ర మళ్లీ..." అని మంత్రి చెవి దగ్గర చేరాడు.

రాజుగారి కనుబొమలు ముడిపడబోయాయి. అంతలో ఆయన తమాయించుకుని, పైడమ్మను పిలిపించి అడిగారు.

"గుడ్లు బాబూ," అంది పైడమ్మ. "సందుల్లో దాక్కున్నవి ఇప్పుడు పిల్లలైనాయి. ఒక్కపాలి సేసి ఒగ్గేస్తే అయిపోదు. అవి పోయేదాకా మళ్లీ మళ్లీ సెయ్యాలి."

ఈసారి తివాచీలు కొట్టే పని మంత్రికి అప్పగించారు. వేసవి ముగిసేలోపు కోటలో గోమారన్నది లేకుండా పోయింది. రాణిగారి మంచం కూడా తూర్పు మహలు నుంచి తిరిగి వచ్చింది.

అప్పుడు రాజుగారు నిండుకొలువు తీర్చి, తీయించబోయిన ఆ చేతులకే బంగారు కడియాలు తొడిగారు. పైడమ్మ వాటిని చూసుకుంటూ కళ్లు తుడుచుకుంది. తర్వాత రాజుగారు సూరప్పను పిలిచి, తమ భుజం మీది జరీ శాలువా తీసి కప్పబోయారు.

సూరప్ప రెండడుగులు వెనక్కి వేశాడు.

రాజుగారు కళ్లు చిట్లించారు. "ఏమయ్యా, నా శాలువా నీకు చేదా?"

"మహాప్రసాదం ప్రభూ," అని సూరప్ప చేతులు కట్టుకున్నాడు. "కాకపోతే దాని కొంగు మీద ఇప్పటిదాకా రాజ్యలక్ష్మి పవళించి ఉంది. ఇంతకాలం తమ కొలువులో ఉన్నవాణ్ణి కదా, కాస్త అనుమానం నాకూ అబ్బింది."

రాజుగారు శాలువా వంక చూశారు, పిల్లి వంక చూశారు. ఆపుకోలేక సింహాసనం చేతులు చరుస్తూ నవ్వారు. ఆ నవ్వుకు రాజ్యలక్ష్మి దూకి పారిపోయింది.

"పైడమ్మా! ఈ శాలువా ఉతికించి, ఎండబెట్టించి, ఇతగాడి ఇంటికి పంపించు. మడతలో వంద వరహాలు కూడా పెట్టు!" అన్నారు.

శాలువా వచ్చింది. సూరప్ప దాన్ని కళ్లకద్దుకుని, గుమ్మం బయటికి వెళ్లి, గట్టిగా ఒకసారి దులిపి, అప్పుడు కప్పుకున్నాడు.