గవరయ్య సైకిలూ, తగ్గని వానా

తన ఇంటిల్లిపాదికీ పుట్టెడు తెలివి ఉందని గవరయ్యకి గట్టి నమ్మకం. "ఊళ్ళోవాళ్ళకి ఒకటి చెబితే ఇంకోటి చేస్తారు. మనం అలా కాదు. చెప్పింది చెప్పినట్టు చేస్తాం. తెలివంటే అదే" అని అన్నం తినేటప్పుడు రోజూ చెప్పేవాడు. భార్య పైడితల్లి తలూపేది. ఆరేళ్ళ కూతురు రాములమ్మ, నాలుగేళ్ళ కొడుకు బంగారప్పడు నోట్లో ముద్ద పెట్టుకునే తలూపేవాళ్ళు.

శ్రావణమాసంలో ఒకనాడు పక్క ఊళ్ళో పైడితల్లి చెల్లెలు మహలక్ష్మి కొడుక్కి బారసాల. బిడ్డ చెవిలో పేరు చెప్పాల్సింది పెద్దమ్మే. ఉన్నదేమో ఒక్క సైకిలు. రాములమ్మ ముందు కడ్డీ మీద కూర్చుంది. కొడుకుని ఒళ్ళో పెట్టుకుని పైడితల్లి వెనక ఎక్కింది. గవరయ్య తల్లి గుమ్మంలోంచి చెప్పింది.

"నాయనా, మబ్బు పట్టింది. చినుకు పడితే చెట్టు కింద ఆగు. గాలొస్తే గొడుగు మాత్రం వదలకు."

ఊరు దాటారో లేదో చినుకు పడింది. చింతచెట్టు కింద ఆగారు. కాసేపటికి వాన వెలిసింది, ఎండ కూడా వచ్చింది. కానీ చెట్టు ఆకుల మీంచి ఇంకా టపటపా పడుతూనే ఉంది.

"రోడ్డు మీద ఎండ, మన మీద వాన. ఏమిటయ్యా ఇది?" అంది పైడితల్లి.

"మన అదృష్టం. సరిగ్గా వాన ఉన్నచోటే చెట్టు దొరికింది" అన్నాడు గవరయ్య.

గడ్డిమోపుతో వెళ్తున్న ఒకావిడ ఆగి చూసింది. "కురుస్తున్నది చెట్టయ్యా, వాన కాదు. ఇవతలికి రండి. దారంతా బురద, కింద చూసుకుంటూ పొండి" అంది.

అంతే. నలుగురూ తలలు వంచి కిందికి చూస్తూ బయల్దేరారు. వాగు దగ్గర ఒక్కసారిగా గాలి లేచింది. గవరయ్య హ్యాండిలు వదిలేసి రెండు చేతులా గొడుగు పట్టుకున్నాడు.

"నాన్నా, ఎదర ఏదో బుసకొడుతోంది" అంది రాములమ్మ.

"పైకి చూడకే. కింద చూడమన్నారు."

ఇంకేముంది. సైకిలు తిన్నగా పోయి బురదగుంటలో పడుకున్న గేదెని గుద్దింది. ముగ్గురు బురదలో పడ్డారు, బంగారప్పడు గేదె మీద పడ్డాడు. గేదె లేచి నిలబడింది. వాడు దాని మెడ కావలించుకుని కిలకిలా నవ్వాడు.

దూరంగా పొలంలో నాట్లు వేస్తున్న రైతు కేకేశాడు. "గేదెని వదిలెయ్యండి. నేరుగా ఇంటికి పోతుంది."

వదిలేశారు. బంగారప్పడు చెయ్యి ఊపితే వీళ్ళూ ఊపారు. సైకిలు తోసుకుంటూ కొంతదూరం పోయాక రాములమ్మకి సందేహం వచ్చింది.

"నాన్నా, గేదె ఎవరింటికి పోతుంది?"

"దాని ఇంటికి."

"మరి తమ్ముడు?"

గవరయ్య గిరుక్కున వెనక్కి తిరిగాడు. గొడుగు ఒక పక్క, సైకిలు ఒక పక్క పారేసి పరుగెత్తాడు. చివరికి గేదె అడుగులు పట్టుకుని పోతే అవి మహలక్ష్మి ఉండే వీధిలోకే తీశాయి. పక్కింటి పశువులపాకలో బంగారప్పడు గడ్డి మీద కూర్చుని బెల్లంముక్క చీకుతున్నాడు. గవరయ్య వాణ్ణి ఎత్తుకుని చాలాసేపు దించలేదు.

పైడితల్లి దార్లో పారేసిన సైకిలూ గొడుగూ తెచ్చి, బురద కడుక్కుని వచ్చేసరికి ముహూర్తం దగ్గర పడింది. "తొందరగా పేరు చెప్పమ్మా, మూడుసార్లు" అన్నారు పెద్దవాళ్ళు. ఆవిడ బిడ్డ చెవి దగ్గర నోరు పెట్టి, "పైడితల్లి, పైడితల్లి, పైడితల్లి" అంది.

"అదేమిటే అక్కా?"

"పేరు చెప్పమన్నారు. నా పేరు నాకు తెలీదా?"

సాయంత్రం ఆకాశం అద్దంలా ఉంది. అయినా మహలక్ష్మి మర్యాదకి, "వాన తగ్గాక వెళ్దురుగాని" అంది.

గవరయ్య ఆలోచించాడు. తగ్గాలంటే ముందు రావాలి గదా. ఇంకేముంది, అరుగు మీద కూర్చుని ఆకాశం చూడ్డం మొదలుపెట్టాడు. ఎనిమిది రోజులు చుక్క పడలేదు.

తొమ్మిదో రోజుకి మహలక్ష్మి మొగుడు సూర్రావుకి ఓపిక చచ్చింది. పొద్దున్నే నిచ్చెన వేసుకుని కప్పెక్కి, బిందెడు నీళ్ళు చూరు మీంచి కుమ్మరించాడు.

"పైడితల్లీ, వానొచ్చింది. ఇక తగ్గడమే తరువాయి" అన్నాడు గవరయ్య. బంగారప్పడు ముందే సైకిలెక్కి బెల్లు కొట్టడం మొదలుపెట్టాడు.

రాములమ్మ వాకిట్లోకి వెళ్ళి పైకి చూసింది. "నాన్నా, వాన పోస్తున్నది చిన్నాన్నే."

గవరయ్యా చూశాడు. చూసేసరికి కళ్ళు చెమర్చాయి. "మనకోసం అంత వాన ఒక్కడే పోస్తున్నాడే. మనం కూర్చుని చూస్తే బాగుంటుందా?"

అంతే. పైడితల్లి నూతిలో నీళ్ళు తోడింది. రాములమ్మ చెంబులతో నిచ్చెన దాకా మోసింది. గవరయ్య కప్పెక్కి పోశాడు.

"చాలన్నయ్యా, ఇక ఆపు" అని సూర్రావు చేతులు పట్టుకున్నాడు.

"నువ్వు అలిసిపోయావు తమ్ముడూ. దిగి పడుకో, నీ వంతు కూడా మేమే పోస్తాం" అన్నాడు గవరయ్య.

పొద్దుగూకినా ఆ ఒక్క ఇంటి మీద వాన తగ్గలేదు. వాళ్ళూ బయల్దేరలేదు.