బండ అవతలి చప్పుడు

వీరరాఘవ పంతులుగారు అడిగిన వెంటనే జవాబు చెప్పే మనిషి కాదు. శిష్యుడు ఓబులేసు చంద్రగిరిలో అడిగిన ప్రశ్నకు ఆయన లేపాక్షి దాటి, గండికోట చూసి, ఇంకా ముందుకు పోయినా నోరు విప్పలేదు.

"అయ్యవారూ, యాడికి పోయినా మీ కుంచె చౌడప్పకే ఇస్తారు. నా చేతులు చేతులు కావా?" అన్నది ఆ ప్రశ్న.

ఏటా ఎండలు ముదరకముందే పంతులుగారు ఈ ఇద్దరు శిష్యులనూ వెంటబెట్టుకుని, రాష్ట్రంలోని పాత కోటలూ గుళ్ళూ తిరిగి శాసనాలను కాగితం మీదికి అచ్చు తీసేవారు. తడి కాగితం రాతి మీద పరిచి, గట్టి కుంచెతో నిదానంగా తట్టి, అక్షరాల గుంటల్లోకి దించి, పైన సిరా అద్దడం ఆ పని. ఈ ఏటితో ఆయన తిరుగుడు చాలించి, తన పాత కుంచెను ఒకరికి ఇచ్చేస్తారని ఇద్దరికీ తెలుసు. అది తెలిసినప్పటినుంచి ఓబులేసుకు తిన్నది ఒంటబట్టడం లేదు. లేపాక్షిలో జనమంతా వేలాడే స్తంభం కింద గుడ్డ దూర్చి చూస్తుంటే, వీడు మాత్రం అయ్యవారు చౌడప్ప పక్కన ఎంతసేపు నిలబడ్డారో చూశాడు. గండికోటలో పెన్న లోయ అంచున నిలబడి కూడా వీడి కళ్ళు చౌడప్ప చంకలోని కుంచె మీదే ఉన్నాయి. కడుపుమంటకు ఏటిగాలి ఏం పనిచేస్తుంది?

చివరి మజిలీ ఒక పాడుబడిన కొండకోట. రాతిమండపం నడుమ నిలువెత్తు బండ, దానికి రెండు వైపులా అక్షరాలు. పంతులుగారు ఈసారి తన కుంచెను ఓబులేసు చేతిలో పెట్టి, "ఇటువైపు నీది, అటువైపు చౌడప్పది" అని చెప్పి బయటి అరుగు మీద కూర్చున్నారు.

ఓబులేసు ఉన్న నీళ్ళన్నీ తన కాగితానికే గుమ్మరించుకుని తట్టడం మొదలుపెట్టాడు. ఇటు టప్పుమంటే అటునుంచీ టప్పుమంది. వీడు వేగం పెంచాడు. అవతలా పెరిగింది. నాతోనే పంతమా నీకు అని లోలోపల పళ్ళు నూరుతూ బాదాడు. అవతలివాడు ఒక్క దెబ్బకూడా తగ్గలేదు. చివరికి కాగితం నడిమికి చిరిగి చేతిలోకి ఊడి వచ్చింది.

చప్పుడు ఆగేసరికి పంతులుగారు లోపలికి వచ్చారు. ఓబులేసుకు ఏడుపొక్కటే తక్కువ.

"నా తప్పు గాదు అయ్యవారూ. చౌడప్ప నన్ను ఓడించల్లని అట్లా ఎడతెగకుండా కొట్టబట్టే..."

మాట పూర్తి కాలేదు. కోట వాకిలి దిక్కునుంచి చౌడప్ప నీళ్ళబిందె భుజాన పెట్టుకుని రొప్పుతూ వచ్చాడు.

"దిగువ బాయి దాకా పోవాల్సొచ్చింది అయ్యవారూ. ఓబులేసూ, నీక్కూడా చాలేటట్టు తెచ్చినాలే" అన్నాడు.

ఓబులేసు బండ వెనక్కి వెళ్ళి చూశాడు. అక్కడ కాగితమే లేదు. రాయి పొడిగా ఉంది.

పంతులుగారు కుంచె అందుకుని బండ మీద ఒక్కసారి తట్టారు. బండ అవతలి గోడకు తగిలి అదే చప్పుడు తిరిగి వచ్చింది. ఆయన కుంచెను మళ్ళీ ఓబులేసు చేతిలోనే పెట్టారు.

"చంద్రగిరిలో నన్నేదో అడిగినావు నాయనా. మళ్ళీ ఒకసారి అడుగు" అన్నారు.